ఎండ ఉన్న ఊళ్లో విటమిన్ డి కొరత

మంచాలలో ఎండకు కొదువ లేదు. అయినా ఇంటిపట్టున ఉండే మన స్త్రీలలో విటమిన్ డి లోపించే అవకాశం ఎక్కువ. వైరస్‌లను ఎదుర్కొనే పదార్థాలను శ్వాసకోశ కణాలు తయారుచేసుకోవడానికి ఈ విటమిన్ తోడ్పడుతుంది. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ 25 ప్రయోగాల విశ్లేషణను ప్రచురించింది. దాని ప్రకారం తీవ్ర లోపమున్నవారు రోజూ లేదా వారంవారం మితంగా తీసుకున్నప్పుడే ఎక్కువ రక్షణ లభించింది. ఒకేసారి మింగిన భారీ మోతాదు ఫలించలేదు. తర్వాతి విశ్లేషణల్లో ఆ మేలు కూడా బాగా తగ్గింది. కరోనా రోజుల్లో ఈ మందు కోసం మనం పడిన ఆరాటం అతిగానే ఉండింది!

పర్దా దీనికి అడ్డు కాదు. ప్రహరీ ఉన్న పెరడు, చాటున్న డాబా చాలు. కాని లేత ఎండ కాదు. తిరుపతి పరిశోధకులు సూచించిన వేళ పగలు 11 నుండి 2 వరకు. కిటికీ అద్దంలోంచి పడే ఎండ పనికిరాదు. మాత్రలు వైద్యుని సలహాతోనే. మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి.