ఆర్మీ ఆసుపత్రిలో అడ్మినిస్ట్రేషన్ ఉద్యోగం: దారి ఇంటర్ గ్రూపు దగ్గరే మొదలు

అనంతపురం జిల్లాలో పదో తరగతి ఫలితాలు రాగానే చాలా ఇళ్లలో ఒకటే చర్చ. అబ్బాయిని సీఈసీలో వేద్దామా, బైపీసీలో వేద్దామా? వాన పడితేనే వేరుశనగ, లేకపోతే బెంగళూరు బస్సు. ఇలాంటి చోట నెల జీతం, పెన్షన్ ఉన్న మిలిటరీ ఉద్యోగం అంటే ఎవరికైనా ఆశే. అందులోనూ ఆసుపత్రి నడిపే పని అంటే గౌరవం, సేవ రెండూ ఉంటాయి. అందుకే కొందరు బీకాం తర్వాత హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో పీజీ చేస్తే ఆర్మీలో ఆఫీసర్ అయిపోవచ్చు అనుకుంటున్నారు. ఫీజు కట్టే ముందు అసలు సంగతి తెలుసుకోవాలి.

ఆర్మీ ఆసుపత్రులను చూసుకునేది ఆర్మీ మెడికల్ కోర్. 1943లో ఏర్పడిన ఈ విభాగం శిక్షణ కేంద్రం లక్నోలో ఉంది. ఆసుపత్రికి అధిపతిగా ఉండేది డాక్టరే. పుణెలోని ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీలో హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో ఎండీ ఉంది, అదీ ఎంబీబీఎస్ చదివినవాళ్లకే. 2024 అక్టోబర్ 1న త్రివిధ దళాల వైద్య సేవలకు తొలి మహిళా డైరెక్టర్ జనరల్‌గా బాధ్యతలు తీసుకున్న ఆర్తి సరీన్ కూడా అదే కాలేజీలో చదివిన డాక్టర్.

మరి డాక్టర్ కాని ఆఫీసర్లు లేరా? ఉన్నారు. వాళ్లను నాన్ టెక్నికల్ ఆఫీసర్లు అంటారు. స్టోర్లు, సిబ్బంది, రికార్డులు, రోజువారీ పాలన వాళ్లు చూస్తారు. కానీ ఈ పోస్టులకు మెడికల్ కోర్‌లో ఇప్పటికే పనిచేస్తున్నవాళ్లలోంచే ఎంపిక చేస్తారు. బయటినుంచి డిగ్రీ పట్టుకుని నేరుగా వెళ్లే దారి లేదు. సీడీఎస్ పరీక్ష రాసి డిగ్రీతో ఆఫీసర్ కావచ్చు గానీ, ఆ దారి మెడికల్ కోర్‌కు వెళ్లదు.

ఎవరికి ఏ దారి?

బైపీసీ అబ్బాయిలకు: నర్సింగ్ అసిస్టెంట్ సిపాయి పోస్టు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీష్ ఉండాలి. మొత్తం మీద 50 శాతం, ఒక్కో సబ్జెక్టులో 40 శాతం మార్కులు రావాలి. వయసు 17½ నుంచి 23 ఏళ్లు. 2022లో వచ్చిన అగ్నిపథ్ నుంచి మెడికల్ టెక్నికల్ కేడర్‌కు మినహాయింపు ఉంది కాబట్టి ఇది నాలుగేళ్ల ఉద్యోగం కాదు. 15 ఏళ్ల సర్వీసు పూర్తయితే పెన్షన్ వస్తుంది. ఉద్యోగం చేస్తూనే దూరవిద్యలో డిగ్రీ చేసుకుంటే, ముందుముందు నాన్ టెక్నికల్ ఆఫీసర్ పోస్టుకు పోటీపడవచ్చు.

ఫార్మసీ చదివినవాళ్లకు: డీఫార్మ్, బీఫార్మ్ వాళ్లకు సిపాయి ఫార్మా పోస్టులు వేరుగా ఉంటాయి.

బైపీసీ అమ్మాయిలకు: మిలిటరీ నర్సింగ్ సర్వీస్. నీట్ స్కోరు ఆధారంగా నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌లో సీటు ఇస్తారు. చదువు పూర్తయ్యాక లెఫ్టినెంట్ హోదా. ఇలాంటి కాలేజీల్లో ఒకటి బెంగళూరులోని ఎయిర్‌ఫోర్స్ కమాండ్ హాస్పిటల్‌లో ఉంది, అనంతపురం నుంచి దగ్గరే. అయితే చదువు అయ్యాక సర్వీస్ చేస్తామని తల్లిదండ్రులు బాండ్ రాసివ్వాలి. దేశంలో ఎక్కడికి పంపినా వెళ్లాల్సిందే. ఇంట్లో ఈ మాట ముందే తేల్చుకోవాలి.

కామర్స్ వాళ్లకు: అగ్నివీర్ క్లర్క్, స్టోర్ కీపర్ పోస్టులకు ఏ గ్రూపు వాళ్లయినా అర్హులే, అకౌంట్స్ మార్కులు పనికొస్తాయి. కానీ నాలుగేళ్ల తర్వాత నాలుగింట ఒక వంతు మందినే ఉంచుకుంటారు. ఏ విభాగానికి పంపాలో ఆర్మీయే నిర్ణయిస్తుంది. ఇక మాజీ సైనికుల కోసం 2003లో మొదలైన ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌లలో క్లర్క్ లాంటి కాంట్రాక్టు పోస్టులు ఉంటాయి. వాటిలో మాజీ సైనికులకే ప్రాధాన్యం.

మన ఇళ్లలో అడిగే ప్రశ్నలు

బీసీ-ఈ రిజర్వేషన్ సైన్యంలో పనికిరాదు. సిపాయి ఎంపికలో మతం పేరుతో గానీ, కులం పేరుతో గానీ కోటా లేదు. రాత పరీక్ష, 1.6 కిలోమీటర్ల పరుగు, వైద్య పరీక్ష అందరికీ ఒకటే.

నమాజ్ సంగతేంటి? సైన్యంలో మత బోధకులుగా మౌల్వీలను కూడా తీసుకుంటారు. అయితే డ్యూటీ టైము డ్యూటీదే. గడ్డం విషయం మాత్రం ముందే తెలుసుకోవాలి. ఎయిర్‌ఫోర్స్‌లో గడ్డం పెంచుకోవడానికి అనుమతి కోరిన ముస్లిం ఉద్యోగి అప్పీలును 2016 డిసెంబర్‌లో సుప్రీం కోర్టు కొట్టేసింది. దీనిమీద మనసులో సందేహం ఉన్నవాళ్లు చేరాక బాధపడేకన్నా, చేరకముందే పెద్దలతో మాట్లాడుకోవడం మంచిది.

ఇంకో చిన్న విషయం పెద్ద నష్టం చేస్తుంది. పదో తరగతి మెమోలో పేరు ముందు 'షేక్' ఉండి, ఆధార్‌లో పేరు చివర ఉంటే, లేదా 'ఎస్' అని పొడి అక్షరమే ఉంటే, సర్టిఫికెట్ల పరిశీలనలో ఇబ్బంది వస్తుంది. తండ్రి పేరు, పుట్టిన తేదీ కూడా అన్నిట్లో ఒకేలా ఉండాలి. నోటిఫికేషన్ వచ్చాక మీసేవ చుట్టూ తిరిగితే టైము సరిపోదు. సెలవుల్లోనే సరిచేయించుకోవాలి.

అనంతపురం జిల్లా గుంటూరు ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీస్ పరిధిలోకి వస్తుంది. దరఖాస్తు ఆర్మీ సొంత వెబ్‌సైట్‌లోనే చేయాలి. దళారికి ఇవ్వాల్సింది ఒక్క రూపాయి కూడా లేదు. ఆసుపత్రి కోర్సు చేస్తే ఆర్మీ ఉద్యోగం గ్యారంటీ అని ఎవరైనా అంటే, ఆ పోస్టు ఏ నోటిఫికేషన్‌లో ఉందో చూపించమని అడగండి. చూపించలేకపోతే ఫీజు కట్టకుండా ఇంటికి వచ్చేయండి.