మీకు తెలుసా? జ్వరాన్ని బట్టి రక్తం మోతాదు!

మలేరియా క్రిమి ఎర్ర రక్తకణాల్లో చేరి వాటిని పగలగొడుతుంది, కొత్తవి తయారుకాకుండానూ అడ్డుపడుతుంది. ఆఫ్రికాలో ఎందరో పసిపిల్లలకు హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 6 గ్రాముల కంటే దిగువకు పడిపోతుంది. అరచేతులు తెల్లగా పాలిపోతాయి, ముదిరితే ఆయాసం.

అలాంటి బిడ్డకు ఎంత రక్తం ఎక్కించాలి? ఉగాండా, మలావీలలో 3,196 మంది పిల్లలపై జరిగిన ‘ట్రాక్ట్’ అధ్యయనం 2019లో ఊహించని జవాబు చెప్పింది. జ్వరం లేని పిల్లలకు బరువును బట్టి కిలోకు 30 మిల్లీలీటర్ల రక్తం మేలు చేసింది. జ్వరం ఉన్నవారికి మాత్రం 20 మిల్లీలీటర్లే మంచిదని తేలింది. అంటే థర్మామీటరు చూశాకే సీసా వేలాడదీయాలన్నమాట!

ఇంటికి చేరాకా గండం గడిచినట్టు కాదు. తర్వాతి నెలల్లో మళ్లీ మలేరియా సోకితే ప్రాణానికే ముప్పు. అందుకే డిశ్చార్జి తర్వాత కూడా విడతలవారీగా మలేరియా మందు ఇవ్వాలని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది.