ఐరోపా అంగడిలో బిస్కత్తు పొట్లము

ఐక్యరాజ్యసమితివారు 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా జరిపిన నాటినుండి నేను పోయిన సంఘములన్నిటను ఒక్క ప్రశ్నయే వినవచ్చుచున్నది. "అయ్యా, మన జొన్నలతోను రాగులతోను బిస్కత్తులు కాల్చి, పొట్లములు కట్టి ఐరోపాకు పంపిన మనకు నాలుగు డబ్బులు మిగులవా?" అని సభ్యులడుగుచున్నారు. ప్రశ్న మంచిదే. ధాన్యము నమ్మువానికంటె దానిని వండి యమ్మువానికి ఎక్కువ వెల దొరకుననుట మనమందఱమెఱిగిన సంగతి. కాని ఐరోపావాడు ఆ పొట్లమునకు వెలయిచ్చునపుడు దేనిని కొనుచున్నాడో తెలిసికొనక పొయ్యి రాజవేయుట తొందరపాటగును.

ఇంగ్లండులోని రెడింగు పట్టణమున 1822వ సంవత్సరమున జోసెఫ్ హంట్లీ అనునతడు రొట్టెల అంగడి పెట్టెను. అంగడి కెదురుగా గుఱ్ఱపుబండ్లు ఆగు సత్రమొకటి యుండెను. పనికుఱ్ఱవాడు బిస్కత్తులను గంపలో పెట్టుకొనిపోయి బండ్లలోని ప్రయాణికులకు అమ్మెడివాడు. దారిలో బండి కుదుపులకు అవి విఱిగిపోవుచుండెను. హంట్లీ చిన్న కుమారుడు ఇనుపసామానుల వర్తకుడు గనుక రేకు డబ్బాలు చేసి యిచ్చెను. డబ్బాలో బెట్టిన బిస్కత్తులు విఱుగలేదు, మెత్తబడలేదు. 1841లో జార్జి పామరు భాగస్థుడై యంత్రములను ప్రవేశపెట్టగా, ఆ శతాబ్దము ముగియులోపల ఆ సరకు సముద్రములు దాటి లోకమంతట అమ్ముడుపోయెను.

రేకు డబ్బా ఖరీదైనది. కొద్దికొద్దిగా కొనువానికి తగినది కాదు. ఆ కొఱతను తీర్చినవారిలో జర్మనీ దేశస్థుడైన హెర్మన్ బాల్సెన్ ఒకడు. అతడు 1889లో హానోవరు నగరమున కార్ఖానా పెట్టి, 1891లో లైబ్నిజ్ అను పేరుతో వెన్న బిస్కత్తులు చేసెను. 1904లో ధూళియు తేమయు చొరని చిన్న పొట్లములలో వానిని అమ్మ నారంభించి, పొట్లముపై "టెట్" అను ప్రాచీన ఈజిప్టు పదమును ముద్ర వేయించెను. చిరకాలము నిలుచునదని దాని భావము.

ఈ రెండు కథలలోను సారమొక్కటియే. పొయ్యినుండి వచ్చిన బిస్కత్తులో తేమ నూటికి ఐదు పాళ్లకు లోపుగానే యుండును. గాలి తగిలిన వెంటనే అది తేమను పీల్చి మెత్తబడును. అందలి వెన్నయు నూనెయు చెడు వాసన పట్టును. నెలల తరువాత, వేల మైళ్ల దూరమున, తెఱచినపుడు కరకరలాడునను నమ్మకమునకే కొనువాడు వెలయిచ్చుచున్నాడు. లోపలి సరకును కంటితో చూడకయే కొనుచున్నాడు గనుక పొట్లము మీది పేరే అతనికి పూచీ.

ఇప్పుడా పూచీ వర్తకుని మాటతో తీఱదు, చట్టములో నెక్కినది. ఐరోపా సమాఖ్యవారు 2011లో చేసి 2014 డిసెంబరు 13 నుండి అమలు జరుపుచున్న నిబంధన ప్రకారము, పొట్లముపై అందలి దినుసులన్నియు, తూకమును, ఏ తేదీలోపల తినవలెనో ఆ వివరమును, బాధ్యుని పేరు చిరునామాలును, అమ్మకమగు దేశపు ప్రజలకు తెలియు భాషలో నుండవలెను. కొందఱికి ఒడలికి సరిపడని దినుసులు 14 రకములుగా నెంచి, వానిని ప్రత్యేకముగా కనబడునట్లు ముద్రింపవలెననిరి. గోధుమ, పాలు, వేరుసెనగ, ఆవ, నువ్వులు వానిలోనివే. మన యింటి నేయి వేసి కాల్చుదమన్నను చిక్కే: పాలు, నేయి, గ్రుడ్లు కలిసినచో అవి సమాఖ్యవారు అంగీకరించిన దేశములలోని, అంగీకరించిన కార్ఖానాలనుండియే రావలెను. ఎక్కువ వేడిమికి మాడిన పిండిలో పుట్టు అక్రిలమైడు అను హానికర పదార్థమునకు గూడ 2018 నుండి కొలత కలదు; కిలో బిస్కత్తులకు 350 మైక్రోగ్రాములు. అది మీఱినచో కాల్చు పద్ధతిని సరిదిద్దుకొనవలెను.

ఇక మన పొలమునకు వత్తము. 2020 సెప్టెంబరులో బెల్జియము దేశపు అధికారులు మన దేశమునుండి పోయిన నువ్వులలో ఇథిలీను ఆక్సైడు అను వాయువు అవశేషములను కనుగొనిరి. రోగము కలిగించు సాల్మొనెల్లా సూక్ష్మజీవులను చంపుటకు దినుసులకు ఆ వాయువును పట్టింతురు. ఐరోపాలో అది నిషిద్ధము. నువ్వులలో దానికి హద్దు కిలోకు 0.05 మిల్లీగ్రాము మాత్రమే. అంతట ఆ నువ్వులు చల్లిన రొట్టెలు, బిస్కత్తులు, మఱియు అనేక తినుబండారములు దేశదేశముల అంగళ్లనుండి వెనుకకు తీయబడెను. పొట్లములో గోధుమ మంచిదే, వెన్న మంచిదే. పైని చల్లిన పిడికెడు నువ్వులు అంతటిని చెఱచినవి. ఆ అక్టోబరులోనే సమాఖ్యవారు క్రొత్త నియమము చేసి, మన నువ్వుల ప్రతి సరకు వెంట పరీక్షాపత్రము నడిగిరి; వచ్చిన సరకులలో సగమును తామును పరీక్షింప సాగిరి.

వాయువు పట్టించినది రైతు కాడు. ఐనను ఎగుమతిదారునకు కలిగిన ఖర్చును భయమును దిగివచ్చి దిగివచ్చి కడకు కాటా దగ్గఱ మన వెలలో చేరును. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలోను, జగిత్యాల ప్రాంతమునను నువ్వులు వేయు సోదరులు ఈ సంగతిని మఱువరాదు.

నా తప్పును గూడ ఒప్పుకొందును. ఇన్నేండ్లు ఊరూర తిరిగి విత్తనమును గూర్చి, ఎఱువును గూర్చి, తెగుళ్లను గూర్చి చెప్పితిని గాని కళ్ళమును గూర్చి చెప్పినది తక్కువ. ఒక గ్రామమున నువ్వుకట్టలను వట్టినేలమీదనే దులుపుచుండగా, ప్రక్కనే కోళ్లు కెలుకుచుండగా చూచియు, దిగుబడి యెంతయని మాత్రమే యడిగి వచ్చితిని. సాయంకాలమునకు పదిమంది రైతుల నువ్వులు ఒక్క రాశియై బండికెక్కెను. అందులో ఎవరివి శుభ్రమైనవో, ఎవరివి కావో చెప్పగలవాడు లేడు. సాల్మొనెల్లా చేరు దారులలో కోళ్ల రెట్ట, పశువుల పేడ ముఖ్యమైనవి. ఆ మురికి లేనిచో వాయువు పట్టింపవలసిన అక్కఱయు తగ్గును.

కావున సంఘములవారికి నా మనవి యిది. బిస్కత్తుల కార్ఖానా ఆలోచనను విడువనక్కఱలేదు. కాని దానిని మొదట మన పట్టణముల అంగళ్లలో అమ్మి చూడవలెను. అంతలోపల డబ్బు ఖర్చు లేని పనులు మూడు కలవు. నువ్వుకట్టలను టార్పాలినుపై నిలిపి ఎండబెట్టి దాని మీదనే దులుపుట. కోళ్లను, పశువులను కళ్ళమునకు దూరముగా నుంచుట. సంచి సంచికి రైతు పేరు, పొలము, తేదీ వ్రాసి సంఘపు పుస్తకమున నెక్కించుట. టార్పాలిను లేనివారికి సంఘమే రెండుమూడు కొని వంతులవారీగా ఈయవచ్చును. ఇట్లు లెక్క యున్న సరకునకు ఏనాడైన తగవు వచ్చినచో తప్పు ఏ సంచిదో తేలును; మిగిలిన తొంబది తొమ్మిది సంచుల మర్యాద నిలుచును.

పొట్లము మీద మన పేరు అచ్చువేయించుటకు ముందు, సంచి మీద మన పేరు వ్రాయుట నేర్చుకొందము.