పిల్లలు - కృత్రిమ మేధ : పంచాయతీ సభ్యుల బాధ్యత

సెల్‌ఫోను నేడు గ్రామములలో వింత వస్తువు కాదు. తండ్రి పొలమునుండి ఇల్లు చేరగానే అది పిల్లవాని చేతిలోనికి పోవుచున్నది. ఇంతకాలము పిల్లలు దానిలో ఆటలాడుచు, బొమ్మలు చూచుచుండిరి. ఇపుడు దానిని ప్రశ్నలు అడుగుచున్నారు. తెలుగున అడిగినచో అది తెలుగుననే జవాబు చెప్పుచున్నది; లెక్కలు చేయుచున్నది; వ్యాసములు వ్రాయుచున్నది; లేని చిత్రములను కల్పించుచున్నది. దీనినే కృత్రిమ మేధ అనుచున్నారు. 2022 నవంబరులో ఛాట్‌జీపీటీ వెలువడినది మొదలు ఇట్టి సాధనములు సామాన్యులకు అందుబాటులోనికి వచ్చినవి. పిల్లలు వీనిని క్షేమముగా వాడుకొనుటకు పంచాయతీ సభ్యులు చేయదగినదేమో ఇచ్చట వివరింప దలచితిమి.

యంత్రము జవాబు చెప్పు విధము

ఈ యంత్రమునకు లెక్కకు మిక్కిలి వ్రాతలను చూపి తర్ఫీదు ఇచ్చిరి. ఏ మాట తరువాత ఏ మాట వచ్చుట సహజమో అది వానినుండి నేర్చుకొన్నది. ఏండ్ల తరబడి హరికథలు విన్నవానికి, దాసుగారు ఒక మాట ఎత్తుకొనగానే తరువాతి మాట తోచును గదా! ఇదియు ఇంచుమించు అట్టిదే. మాట కుదిరినంత మాత్రమున అది నిజము కానక్కరలేదు. అయినను యంత్రము తప్పును కూడ తడబాటు లేకుండ చెప్పగలదు. ఇంగ్లీషుతో పోల్చినచో తెలుగు వ్రాతలు దానికి దొరకినవి తక్కువ. ఒక చిన్న గ్రామమును గూర్చినవి మరింత తక్కువ. కనుక మన ఊరి సంగతులలో అది పొరబడుటకు అవకాశము హెచ్చు.

ఈ విషయమును పిల్లలకు ఉపన్యాసముతో చెప్పనక్కరలేదు. ఒక సాయంకాలము పాఠశాలలోనో గ్రంథాలయములోనో పిల్లలను, ఊరి పెద్దలను చేర్చవలెను. మన చెరువు ఎవరు త్రవ్వించిరి, జాతర ఏ నెలలో జరుగును అని యంత్రమును అడిగించవలెను. వచ్చిన జవాబులను పెద్దలచేత దిద్దించవలెను. యంత్రము చెప్పినదానిని పరీక్షించిన పిమ్మటనే నమ్మవలెనని ఆ ఒక్క పూటలో పిల్లలు గ్రహింతురు.

చదువునకు సహాయము

లెక్క అర్థము కానపుడు మెట్టుమెట్టుగా వివరింపుమని యంత్రమును అడుగుట మంచిదే. ట్యూషను పెట్టించుకొనలేని పేద విద్యార్థికి ఇది ఉపకరించును. కాని లెక్కనంతయు దానిచేత చేయించి ఎత్తి వ్రాసికొనుట, తన కసరత్తును కూలివానిచేత చేయించుట వంటిది. పిల్లవాడు మొదట తాను ప్రయత్నింపవలెను, పిమ్మట అడుగవలెను, తుదకు పుస్తకముతోనో ఉపాధ్యాయునితోనో సరిచూచుకొనవలెను. తరగతి గదులలో వీని వాడుకకు కనీస వయస్సు 13 సంవత్సరములుగా ఉండవలెనని యునెస్కో సంస్థ 2023లో సూచించినది. అంతకు చిన్నవారు పెద్దల ప్రక్కన కూర్చుండి వాడుట మేలు.

చెప్పకూడని సంగతులు

ఆధారు సంఖ్య, బ్యాంకు వివరములు, ఇంటి చిరునామా, కుటుంబ చిత్రములు యంత్రమునకు ఇవ్వరాదు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార సంరక్షణ చట్టము 18 సంవత్సరములు నిండనివారిని బాలలుగా పరిగణించి, వారి సమాచారమును వాడుకొనుటకు తల్లిదండ్రుల సమ్మతి అవసరమని విధించినది. కాని చట్టముకన్న ముందు ఇంటి జాగ్రత్త ఉండవలెను.

కొందరు పిల్లలు ఇంటిలో చెప్పుకొనలేని బాధను యంత్రముతో చెప్పుకొందురు. అది తియ్యగా మాటలాడును గాని, పిల్లవాడు అన్నము మానినాడని గమనింపజాలదు. రాత్రి తోడు కూర్చుండజాలదు. దిగులుగా నున్న బిడ్డను ఇంటివారే పలుకరింపవలెను. అవసరమైనచో టెలి మానస్ 14416 నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును.

కల్పిత చిత్రముల కీడు

అన్నిటికన్న ఘోరమైనది వేరొకటి కలదు. పెండ్లి ఫొటోలోని బాలిక ముఖమును తీసి, అసభ్య చిత్రమునకు అతికించుట నేడు సులభమైపోయినది. ఇట్టిది జరిగినపుడు తప్పు బాలికది కాదని అందరును మొట్టమొదట గుర్తింపవలెను. ఆమె బడి మాన్పించుట, తొందరపడి పెండ్లి చేయుట అన్యాయము. నేరము చేసినవాడు విడువబడి, నిరపరాధి శిక్షింపబడినట్లగును.

లైంగిక నేరములనుండి బాలలను రక్షించు 2012 నాటి పోక్సో చట్టమును 2019లో సవరించి, బాలలను అశ్లీలముగా చూపు కంప్యూటరు కల్పిత చిత్రములను కూడ దాని పరిధిలోనికి తెచ్చిరి. ఇట్టి నేరము తెలిసినవారు పోలీసులకు తెలుపుట ఆ చట్టప్రకారము విధి. రచ్చబండ వద్ద కొంత సొమ్ము ఇప్పించి సరిపుచ్చుటకు వీలులేదు. బాలిక పేరు బయటికి పొక్కనీయరాదు. ఆ చిత్రమును ఎవరును మరొకరికి పంపరాదు, పంపుటయు నేరమే. అది ఏ నంబరునుండి, ఎన్నడు వచ్చినదో వ్రాసి ఉంచి పోలీసులకు ఇవ్వవలెను. బాలల సహాయమునకు 1098 నంబరు రాత్రింబవళ్లు పనిచేయుచున్నది.

చేసినవాడు ఒక్కొక్కపుడు అదే ఊరి బాలుడు కావచ్చును. వేళాకోళమునకు చేసితినని అనవచ్చును. కావుననే మగపిల్లలకు ఈ సంగతి ముందుగనే బోధింపవలెను.

పంచాయతీ కర్తవ్యము

2009 నాటి విద్యాహక్కు చట్టము పాఠశాల యాజమాన్య సంఘములలో స్థానిక సంస్థల ప్రతినిధులకును స్థానము కల్పించినది. సభ్యులు ఆ సమావేశములలో ఈ విషయమును చర్చకు తేవలెను. 1098 సంఖ్యను పాఠశాల గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుటకు ఖర్చు స్వల్పము. ఫోనును నిషేధించుటవలన పిల్లలు దానిని చాటున వాడుదురు. పదిమంది కూర్చుండు వసారాలో వాడనిచ్చి, ఏమి అడిగితివి, ఏమి చెప్పినది అని తల్లిదండ్రులు రోజును విచారించినచో చాలవరకు మేలు కలుగును. తమకు కీడు జరిగినపుడు భయపడక వచ్చి చెప్పుకొనవచ్చునను ధైర్యమును గ్రామమందలి ప్రతి బాలికకును బాలునకును కలిగించుట పంచాయతీ సభ్యుల ముఖ్య కర్తవ్యమని మనవి చేయుచున్నాము.