సాఫ్టువేరు పనికి కొటేషన్లు చూచు విధము



మన కృష్ణా డెల్టాలో పని యొప్పగించుటకు చిరకాలముగా రెండు పద్ధతులు కలవు. ఒకటి కూలి, రెండవది గుత్త. వరికోతకు మనుష్యులను దినకూలికి పిలిచినచో పని యెన్నిదినములు సాగిన నన్నిదినముల కూలి మనమే యిత్తుము. ఎకరమునకింత యని గుత్తకిచ్చినచో ఆలస్యపు నష్టము కోతవారిది. తొందరలో చేనిలో గింజ రాలిపోవునను భయము మనది. ఈ భేద మెరిగినవారు సాఫ్టువేరు కొటేషను చదువుటలో సగము దారి నడచినట్లే.

ఇట్టి విషయము గ్రామ పెద్దలకేల యని శంకింపవలదు. సహకార పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరున కెక్కించుటకు కేంద్ర ప్రభుత్వము 2022లో ఒక పథకము మంజూరుచేసి, సుమారు 63,000 సంఘములకు ఒకే సాఫ్టువేరు సమకూర్చ నిశ్చయించెను. కావున ఆ సంఘములకు ఈ చిక్కు కొంత తప్పినది. కాని ధాన్యపు మిల్లులవారు, చేపల చెరువులవారు, విద్యాలయముల కమిటీలవారు తమ పనిని తామే బయటివారి కొప్పగించుచున్నారు. కొటేషను మీద సంతకము చేయువారు తరచుగా మనవంటి పెద్దలే. నేను కొన్ని సంఘములవారి కోరికపై ఇట్టి కాగితములను చూచుచుందును గనుక నాకు తెలిసినంత మనవి చేసెదను.

బయటివారిచే ఈ పని చేయించుట క్రొత్త గాదు. హైదరాబాదులో 1987లో స్థాపితమైన సత్యం సంస్థ 1991లో జాన్ డీర్ కంపెనీ పనిని సంపాదించెను. మన పొలములలో తిరుగు ఆకుపచ్చ ట్రాక్టర్ల కంపెనీయే అది. అమెరికాలో గంట కూలి హెచ్చు, ఇచ్చట తక్కువ. అందుచేత పని సముద్రము దాటి వచ్చెను. (ఆ సంస్థ లెక్కలు తప్పుడువని 2009లో బయటపడుటయు, 2013లో అది వేరొక సంస్థలో కలిసిపోవుటయు మీరెరిగినవే.) ఇప్పుడు విజయవాడ, గన్నవరము ప్రాంతములలోను ఈ పని చేయువారు కలరు.

ఇక లెక్కకు వత్తము. మచ్చునకొక మిల్లుదారుల సంఘము మూడు కొటేషన్లు తెప్పించినదనుకొందము. మొదటివాడు 3,00,000 రూపాయలు, పన్ను అదనమనెను. రెండవవాడు పన్నుతో సహా 4,80,000 అనెను. మూడవవాడు గంటకు 800 రూపాయల చొప్పున సుమారు 450 గంటలనెను. అనగా పన్నుగాక 3,60,000. సభలో అందరి చూపును మొదటివాని మీదనే నిలుచును.

అయితే అతని కాగితము రెండవ పుట త్రిప్పుడు. పాత ఖాతాపుస్తకముల నెక్కించుటకు 60,000, గుమాస్తాలకు నేర్పుటకు 20,000, మరమ్మతు పోషణకు ఏటా 60,000 వేరుగా నుండును. మూడేండ్లకు పోషణయే 1,80,000. అన్నియు కలిపిన 5,60,000; దానిపై నూటికి 18 వంతున జి.యస్.టి. 1,00,800, వెరసి 6,60,800. రెండవవాడు పాత లెక్కలను, శిక్షణను, మొదటి ఏటి పోషణను ధరలోనే చేర్చినాడు. తరువాతి రెండేండ్లకు పన్నుతో ఏటికి 70,000. వెరసి 6,20,000. తక్కువ యనుకొన్నది 40,800 హెచ్చైనది. కట్టిన పన్ను తిరిగి జమ పొందు హక్కుగలవారు మాత్రము దానిని వేరుచేసి చూచుకొనవలెను.

మూడవవానిది కూలి పద్ధతి. 450 గంటలన్నది అతని యూహయేకాని హద్దు కాదు. అవి 600 అయినచో పన్నుతో 5,66,400 అగును. పోషణ ఇంకను మిగిలియే యుండును. అందులకై అతనిని త్రోసివేయ నక్కరలేదు. మనకు కావలసినది మనకే స్పష్టముగా తెలియనప్పుడు కూలియే న్యాయము. గంటలకొక పరిమితి వ్రాయించుకొని, పక్షమున కొకమారు జరిగిన పనిని చూపుమని యడిగిన చాలును.

గుత్తలోని మోసము వేరు. తక్కువకు పాడినవాడు మార్పుల మీద సంపాదించును. ‘తేమ తరుగు లెక్కయు కావలె’నని మీరు తరువాత నడిగినచో, అది మొదటి కాగితములో లేదనును. అతడనునది నిజమే. కావున ధర యడుగుటకు ముందే మీ పని నంతయు తెలుగులోనే వ్రాసి, అదే కాగితమును ముగ్గురికి నీయవలెను. ముగ్గురు మూడు వేర్వేరు పనులకు ధర చెప్పినచో పోల్చుట కేమున్నది? అమెరికా పండితుడు బారీ బోయెమ్ 1981లో, పని రూపము తేలకముందు వేసిన అంచనా అసలు వ్యయమునకు నాల్గవ వంతు మొదలు నాలుగు రెట్లవరకు మారవచ్చునని చూపెను. ఆలస్యమైనప్పుడు మనుష్యులను పెంచుదుమన్న మాటను కూడ నమ్మరాదు. క్రొత్తవారికి పని నేర్పుటలో పాతవారి కాలము పోవునని ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లోనే వ్రాసెను. కోత కూలీలవలె వీరిని రెట్టింపు చేసిన పని సగము దినములలో తీరదు.

పోషణ వ్యయము చూచి కొందరు ‘ఒకసారి కట్టినదానికి ఏటేటా రుసుమేల’ అందురు. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియైనది. 1952లో గండిపడగా, ప్రకాశము బ్యారేజి 1957లో వచ్చినది. ఆ ఆనకట్ట నిలిచియున్న కాలములో కాలువల పూడిక తీయకుండ నీరు చివరి పొలమునకు చేరెనా? పన్ను నిబంధనలు మారును, ఫోనులు మారును. సాఫ్టువేరును వాని ననుసరించి మార్చవలసినదే.

అన్నిటికంటె ముఖ్యమైనది హక్కు. నేనెరిగిన యొక సంఘములో వ్రాసినవాడు కొనుగోళ్ల కాలముననే ఊరు విడిచిపోగా, రైతులకు రావలసిన బాకీల పట్టిక తెరచువాడు లేక పదునారు దినములు నిలిచిపోయెను. సోర్సు కోడు అతనియొద్దనే, సర్వరు అద్దె అతని పేరిటనే. 1957 నాటి కాపీరైటు చట్టము క్రింద కంప్యూటరు ప్రోగ్రాము గ్రంథమువంటిది. మీ జీతగాడు కాని బయటివాడు వ్రాసినచో, డబ్బు మీరిచ్చినను సాధారణముగా హక్కు అతనిదే. దానిని వ్రాతమూలకముగా బదిలీ చేయించుకొనవలెను. కాగితములో కాలము వ్రాయనిచో ఐదేండ్లకే చెల్లును. ప్రదేశము వ్రాయనిచో భారతదేశమునకే చెల్లును. కనుక ఆ రెండును వ్రాయించి, సర్వరు ఖాతాను సంఘము పేరిటనే తెరిపించుడు. ఒక నెల పాత లెక్కలను క్రొత్తదానిలో వేయించి, మొత్తములు పైసాతో సహా సరిపోయి, సోర్సు కోడు మీ చేతికి వచ్చిన పిమ్మటనే చివరి వాయిదా చెక్కు మీద సంతకము చేయుడు.