పండుగ నెలలో అతిథి గదులు - పాడి రైతు చూసుకోవలసిన లెక్క

డిసెంబరు రెండో వారం దాటిందంటే విశాఖ మన్యానికి పట్నవాసుల రాక మొదలవుతుంది. సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు లోయ, చింతపల్లి మండలంలోని లంబసింగి, పాడేరు దగ్గరి వంజంగి కొండ - ఇవన్నీ చలికి, మంచుకు పేరు పడిన చోట్లు. లంబసింగిలో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. విశాఖపట్నం నుంచి అరకు వెళ్ళే రైలుకు 2017లో అద్దాల పెట్టె కూడా తగిలించారు. క్రిస్మస్ మొదలుకొని సంక్రాంతి వరకు ఈ ప్రాంతంలో రాత్రి తలదాచుకోవడానికి గది దొరకడం కష్టం.

ఇది చూసి మన పాల సంఘాల సభ్యులు కొందరు ఇంటి పక్కన ఒకటి రెండు గదులు వేసి అతిథులకు అద్దెకు ఇస్తున్నారు. మరికొందరు వేద్దామా అని ఆలోచిస్తున్నారు. తనిఖీకి వెళ్ళిన చోటల్లా ఈ విషయమై మమ్మల్ని అడుగుతూనే ఉన్నారు. గదులు వేయవద్దని మేము అనము. కాని వేసే ముందు చూసుకోవలసిన లెక్క ఒకటి ఉన్నది. దానిని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అతిథులకూ పుష్కల కాలం, కరువు కాలం

పాడి రైతుకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. మన గేదెలు ఎక్కువ భాగం వానల చివర నుంచి చలికాలం లోపల ఈనుతాయి. అందువల్ల చలికాలంలో పాలు పుష్కలంగా ఉంటాయి, ఎండాకాలంలో సగానికి పడిపోతాయి. డిసెంబరు పాల బిల్లు చూసి, సంవత్సరమంతా ఇంతే వస్తుందనుకొని అప్పు చేసే రైతు ఎవరూ ఉండరు. చేస్తే మే నెలలో ఏమవుతుందో అందరికీ తెలిసినదే.

గదుల విషయంలో మాత్రం ఈ తెలివి మనకు గుర్తుకు రావడం లేదు. క్రిస్మస్ వారంలో ఒక రాత్రికి వచ్చే అద్దెను 365తో హెచ్చవేసి, ఆ మొత్తాన్ని నమ్ముకొని గోడలు లేపుతున్నారు. ఫిబ్రవరి దాటాక గదికి తాళం పడుతుంది. బ్యాంకు వాయిదాకు తాళం పడదు.

ఒక చిన్న లెక్క

ఉదాహరణకు ఒక సభ్యుడు 6 లక్షల రూపాయల అప్పుతో రెండు గదులు కట్టాడనుకుందాం. ఈ అంకెలు లెక్క తెలియడానికి వేసినవి మాత్రమే. మీ ఊరి ధరలు వేసుకొని ఎవరికి వారు తిరిగి కట్టుకోవాలి.

డిసెంబరు 20 తరువాత సంక్రాంతి వరకు 22 రాత్రులు రెండు గదులూ నిండాయి. గదికి 2,000 చొప్పున 88,000 రూపాయలు వచ్చాయి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు మిగిలిన శని, ఆదివారాలలో 24 రాత్రులు రెండు గదులూ 1,200 చొప్పున పోయాయి. దానివల్ల 57,600. మిగతా సంవత్సరమంతా కలిపి 30 గది-రాత్రులు, 800 చొప్పున 24,000. అంటే ఏడాదికి 122 గది-రాత్రులు, జమ 1,69,600 రూపాయలు.

ఇక ఖర్చు చూద్దాం. దుప్పట్లు ఉతకడం, సబ్బు, కరెంటు, నీళ్ళు కాచడం - గది-రాత్రికి 250 చొప్పున 30,500. సున్నం, మరమ్మతులు 20,000. అప్పు మీద నూటికి 10 చొప్పున వడ్డీ 60,000. గదులు ఇరవై ఏళ్ళు నిలుస్తాయనుకొని తరుగుదల 30,000. మొత్తం 1,40,500. మిగులు 29,100 రూపాయలు.

ఇంకా ఒక పద్దు మిగిలి ఉన్నది. గదులు ఊడ్చి, పక్కలు మార్చి, వేడినీళ్ళు అందించిన ఇంటి మనిషి కూలి. గది-రాత్రికి రెండు గంటలు వేసుకున్నా 244 గంటలు, అంటే సుమారు 30 రోజుల పని. రోజుకు 400 చొప్పున 12,000 పైచిలుకు. అది తీసేస్తే చేతికి మిగిలేది దాదాపు 17,000 రూపాయలు.

ఇదే సభ్యుడు కొత్తగా కట్టకుండా, ఉన్న ఇంట్లో రెండు గదులు బాగుచేసి, మరుగుదొడ్డి కట్టించి, 2 లక్షలతో సరిపెట్టాడనుకోండి. వడ్డీ 20,000కు, తరుగుదల 10,000కు తగ్గుతాయి. తక్కినవన్నీ అవే. అప్పుడు మిగులు 77,000 దగ్గరకు వస్తుంది. అదే అతిథులు, అదే అద్దె. తేడా అంతా అప్పులోనే ఉన్నది. కాబట్టి మొదటి రెండేళ్ళు ఉన్న ఇంటితోనే నడిపి చూడవలసినదిగా మా సలహా.

చేతులు రెండే, పనులు ఒకే వేళకు

కొన్నేళ్ళ క్రితం డిసెంబరు 24న కొండ దిగువన ఉన్న ఒక సంఘం తనిఖీకి వెళ్ళి, పొద్దుపోయినందున ఒక సభ్యుని ఇంట ఆగిపోయాము. ఆయనకు రెండు అద్దె గదులున్నాయి. ఆ రాత్రి మూడు కుటుంబాలు దిగాయి. ఒక గదిని తాను ఫోనులో ఒకరికి ఒప్పుకున్నాడు, అదే గదిని కొడుకు మరొకరికి ఇచ్చాడు. చంటిపిల్లలతో వచ్చినవారిని చలిలో నిలబెట్టలేక తాము పడుకునే గదిని ఖాళీ చేసి ఇచ్చి, భార్యాభర్తలు పశువుల పాక వసారాలో పడుకున్నారు. ఆ ఇల్లాలు క్రిస్మస్ రాత్రి ప్రార్థనకు వెళ్ళలేకపోయింది. తెల్లవారుజామున అతిథులకు వేడినీళ్ళు, టీ అందించేసరికి పాలు పితకడం ఆలస్యమైంది. పాల బండి వెళ్ళిపోయింది. పూట పాలన్నీ ఇంట్లోనే మిగిలాయి.

"గేదెకి పండగేటి బాబూ, దాని వేళకి పితకాల్సిందే కదా" అన్నది ఆమె, క్యాను వంక చూస్తూ.

ఆ మాట మేము మరచిపోలేదు. పాలు ఎక్కువగా ఉండే కాలం, అతిథులు ఎక్కువగా వచ్చే కాలం ఒకటే. పాలు పితికే వేళ, మంచు చూడడానికి అతిథులు లేచే వేళ కూడా ఒకటే. ఈ రెండు పనులూ చాలా ఇళ్ళలో ఒక్క ఆడమనిషి మీదనే పడుతున్నాయి. అందుచేత గదులు తెరిచే ముందు ఇంట్లో అందరూ కూర్చొని ఎవరి పని ఏమిటో తేల్చుకోవాలి. పండుగ నాలుగు వారాలకు ఒక సహాయకురాలిని కూలికి పెట్టుకోవడం నష్టం కాదు. క్రైస్తవ కుటుంబాలు 24 రాత్రి, 25 ఉదయం తాము ఏ వేళలో ఇంట ఉండరో అతిథులకు ముందే చెప్పాలి. మన పండుగను అమ్ముకొని అతిథుల పండుగ చేయనవసరం లేదు. ముందుగా చెబితే అర్థం చేసుకోనివారు అరుదు.

పాక దగ్గర జాగ్రత్తలు

పట్నం పిల్లలకు దూడను ముట్టుకోవాలని సరదా ఉంటుంది. కాని గాలికుంటు వ్యాధి మనుషుల చెప్పులు, బట్టల వెంట కూడా ఒక పాక నుంచి మరొక పాకకు చేరగలదు. అతిథులను పాక బయట నుంచే చూడనివ్వండి. టీకాలు వేళకు వేయించండి. పితికే సమయంలో కొత్త మనుషులు, లైట్లు, కేకలు ఉంటే గేదె చేపదు, తన్నినా తన్నుతుంది. గదులు శుభ్రం చేసినవారు చేతులు సబ్బుతో కడుక్కోకుండా పొదుగు ముట్టరాదు.

అతిథులు వదిలే ప్లాస్టిక్ సంచులు మరొక ముప్పు. తిండి వాసన ఉన్న సంచిని పశువు సంచితో సహా మింగుతుంది. అది కడుపులో చేరి పేరుకుంటే పశువు మేత మాని చిక్కి, చివరకు చచ్చిపోవచ్చు. ప్రతి గదికి మూత ఉన్న డబ్బా పెట్టి రోజూ ఖాళీ చేయాలి.

అతిథులకు పోసే పాలు బాగా మరగకాచి ఇవ్వాలి. వారికి పోయగా తగ్గిన పాలకు నీళ్ళు కలిపి సంఘానికి తేవడం ఎంత మాత్రమూ పనికిరాదు. పరీక్షలో అది దాగదు. పండుగ నాలుగు వారాల గిరాకీ కోసం ఏడాదంతా పాలు కొనే సంఘాన్ని చిన్నచూపు చూడడం తగని పని.

చలి రాత్రి మరువరాని మాట

బొగ్గుల కుంపటిని మూసిన గదిలో పెట్టి నిద్రపోతే కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు పోగుపడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గాలి ఆడని స్నానాల గదిలో గ్యాసు గీజరు వల్ల కూడా ఇదే ప్రమాదం. అతిథులు ఎంత బతిమాలినా గదిలోకి కుంపటి ఇవ్వకండి. చలిమంట ఆరుబయటే వేయాలి. గదికి అదనంగా రెండు రగ్గులు పెట్టండి. గీజరును స్నానాల గది బయట అమర్చండి.

ఒకే పుస్తకం

పైన చెప్పిన ఇంట్లో జరిగిన పొరపాటుకు కారణం ఇద్దరు మనుషులు, రెండు ఫోనులు, పుస్తకం లేకపోవడం. సంఘంలో పాలు పోసినప్పుడు రిజిస్టరులో వ్రాయనిదే చీటీ ఇవ్వము గదా! గదికీ అదే పద్ధతి. రాత్రికి ఒక వరుస, గదికి ఒక గడి. ఎవరు మాట ఇచ్చినా ముందు ఆ పుస్తకంలో వ్రాయాలి. అడ్వాన్సు ఎంత తీసుకున్నారు, రాకపోతే ఎంత తిరిగి ఇస్తారు అన్నది ముందే చెప్పి వ్రాసి ఉంచాలి. దిగిన ప్రతివారి పేరు, ఊరు, గుర్తింపు కార్డు నకలు ఉండాలి. విదేశీయులు దిగితే 24 గంటలలో విదేశీయుల నమోదు అధికారులకు తెలియజేయడం చట్టరీత్యా తప్పనిసరి. పాల డబ్బు, గదుల డబ్బు ఒకే డబ్బాలో వేయకండి. వేస్తే ఏది దేనిని పోషిస్తున్నదో ఎన్నటికీ తెలియదు.

భూమి జాగ్రత్త

ఇది అన్నిటికంటె ముఖ్యమైన విషయం. "స్థలం మీది, పెట్టుబడి మాది, నెల నెలా ఇంత ఇస్తాము" అంటూ బయటివారు వస్తున్నారు. షెడ్యూల్డు ప్రాంతంలో 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, వాటికి 1970లో వచ్చిన సవరణ, అంటే మనం వాడుకగా అనే 1/70, అమలులో ఉన్నాయి. వీటి ప్రకారం గిరిజనేతరునికి భూమి అమ్మడమే కాదు, తాకట్టు పెట్టడం, కౌలుకు ఇవ్వడం కూడా చెల్లదు. 1997లో సుప్రీం కోర్టు సమత కేసులో ఇచ్చిన తీర్పు ఈ రక్షణను మరింత గట్టిపరచింది. కాబట్టి గిరిజన సభ్యులు ఖాళీ కాగితాల మీద, చదివి వినిపించని ఒప్పందాల మీద సంతకాలు, వేలిముద్రలు వేయరాదు. చెల్లని కాగితమే అయినా, దానిని పట్టుకొని ఒకరు మీ నేల మీద ఇల్లు కట్టి కూర్చున్నాక తిరిగి ఖాళీ చేయించడానికి ఏళ్ళు పడుతుంది. రెండు చిన్న గదులు మీవిగా ఉండడం, ఇరవై గదుల పరాయి భవనానికి మీరు కావలి ఉండడం కంటె మేలు.

కలిసి చేయగలిగినది

ఒక ఊరిలో అయిదారుగురు గదులు నడుపుతున్నప్పుడు ఒకరి మీద ఒకరు పోటీపడి అద్దె తగ్గించుకుంటే లాభపడేది మధ్యవర్తే. పాల ధర విషయంలో మనం నేర్చుకున్న పాఠం ఇక్కడా వర్తిస్తుంది. గదుల యజమానులు ఒకచోట కూర్చొని, ఒకే ధర, ఒకే శుభ్రతా నియమాలు పెట్టుకొని, వచ్చిన అతిథులను వంతుల వారీగా పంచుకోవచ్చు. దుప్పట్లు ఉతికే యంత్రం ఉమ్మడిగా కొనుక్కోవచ్చు. కుదిరితే 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద వేరే సంఘంగా నమోదు కావచ్చు. పాల సంఘం నిధులను మాత్రం ఇందుకు వాడరాదు. అవి పాలు పోసేవారందరి సొమ్ము.

ఈ డిసెంబరులో గది తెరిచే ప్రతి సభ్యుడూ ఒక నోటు పుస్తకం కొని, పై పద్దులన్నీ అందులో వ్రాయవలసినదిగా కోరుతున్నాము. ఇంటి ఇల్లాలి పనిగంటల పద్దు మరువరాదు. వచ్చే తనిఖీకి మేము వచ్చినప్పుడు ఆ పుస్తకం చూపండి. కలిసి కూర్చొని కూడికలు వేద్దాము. ఆ లెక్క చూశాకే మూడో గది సంగతి ఆలోచించవచ్చు.