ఎండను గుమ్మం బయటే ఆపే ఇల్లు

వేసవిలో మధ్యాహ్నం రెండు గంటలప్పుడు గిద్దలూరులో శ్లాబు కింద కూర్చుని చూడండి. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది గానీ గాలి మాత్రం పొయ్యి దగ్గరి సెగలా తగులుతుంది. పొద్దు గుంకినా ఆ శ్లాబు చల్లారదు. పగలంతా తాగిన వేడిని రాత్రంతా మన మీదికి వదులుతూనే ఉంటుంది. వెనకటి మట్టిమిద్దెల్లో ఇంత బాధ లేదని పెద్దవాళ్ళు అంటే చాదస్తం అనుకుంటాం గానీ, అందులో నిజముంది. మందపాటి మట్టి వేడిని తొందరగా లోపలికి రానివ్వదు. (వానాకాలం ఆ మిద్దె కారితే గిన్నెలూ బకెట్లూ పెట్టుకుని రాత్రంతా మేలుకున్నదీ ఆడవాళ్ళే, అది వేరే సంగతి!)

కారని శ్లాబూ కావాలి, మిద్దె చల్లదనమూ కావాలి, ఖర్చు మన అందుబాటులో ఉండాలి, కరెంటు బిల్లు చూసి గుండె జారకూడదు. ఇవన్నీ ఒక్క ఇంట్లో కుదురుతాయా? ఈ లెక్క తేల్చే పనిని కాలేజీ పిల్లలు నెత్తికెత్తుకున్నారు.

సోలార్ డెకథ్లాన్ అని ఒక పోటీ ఉంది. 2002లో అమెరికాలోని వాషింగ్టన్‌లో మొదలైంది. విద్యార్థులు జట్టుగా చేరి, సూర్యుడి శక్తితో నడిచే ఇల్లు కట్టి చూపించాలి. పది అంశాల్లో మార్కులు వేస్తారు. మనకు నచ్చే విషయమేమిటంటే, ఆ ఇంట్లో వంట చేసి, బట్టలు ఉతికి, అతిథులను పిలిచి భోజనం పెట్టడం కూడా పరీక్షలో భాగమే! 2014లో ఫ్రాన్సులోని వెర్సాయ్‌లో జరిగిన పోటీకి మన బొంబాయి ఐఐటీ విద్యార్థులు, రిజ్వీ ఆర్కిటెక్చర్ కాలేజీ వాళ్ళతో కలిసి ‘టీమ్ శూన్య’ పేరుతో వెళ్ళి ఇల్లు కట్టి వచ్చారు.

2020-21 నుంచి ఇలాంటి పోటీ మన దేశంలోనే, సోలార్ డెకథ్లాన్ ఇండియా పేరుతో మొదలైంది. ఇక్కడ ముఖ్యంగా డిజైన్లు గీస్తారు. ఆర్కిటెక్చరు చదివేవాళ్ళూ ఇంజనీరింగు వాళ్ళూ ఒకే జట్టులో ఉంటారు. ఏడాదికి ఇల్లు ఎంత కరెంటు వాడుతుందో అంత తనే తయారు చేసుకోవాలన్నది లక్ష్యం. కట్టడం పనివాళ్ళు సైటులోనే ఉండటానికి ఇళ్ళు ఎలా ఉండాలన్నది కూడా ఇందులో ఒక విభాగంగా పెట్టారు. అది చదవగానే నాకు మన పడమటి పల్లెలు గుర్తుకొచ్చాయి. వానలు లేని ఏడు ఇక్కడి నుంచి ఎంతమంది బేల్దారి పనికి హైదరాబాదుకూ బెంగుళూరుకూ పోరు? ఊరందరికీ మేడలు కట్టి, చంటిబిడ్డతో రేకుల షెడ్డులో ఉడికిపోయే తల్లి గురించి ఎవరో ఒకరు కాగితం మీదైనా ఆలోచించారు, సంతోషం. అయితే ఆ కాగితాలు ఇళ్ళుగా మారాలంటే బిల్డర్ల మనసు కరగాలి మరి.

ఆ పిల్లల లెక్కలో మనకు పనికొచ్చే సూత్రం ఒకటుంది: ముందు వేడిని, కరెంటు వాడకాన్ని తగ్గించు, తర్వాతే సోలారు పలకలు పెట్టు. మామూలు సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్లు తింటే, కొత్తగా వచ్చిన బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్లు చాలు. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 20 యూనిట్లు మిగిలినట్టే. ఇల్లు కొత్తగా కట్టుకునేవారైతే పడక గదిని పడమటి గోడకు పెట్టించకండి. మెట్లో, స్నానాల గదో, సామాన్ల గదో అటు వస్తే సాయంత్రపు ఎండను అవే కాచుకుంటాయి.

ఉన్న ఇంటికేమో తెల్ల కప్పు. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ఏకంగా ఒక విధానమే తెచ్చింది. తెలుపు ఎండను తిప్పికొడుతుంది గనక లోపల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. చలవ పెయింటు కొనలేకపోతే సున్నమే చాలు. శ్లాబు మీది దుమ్ము శుభ్రంగా ఊడ్చి, నీళ్ళతో తడిపి, సున్నంలో కాస్త జిగురు కలిపి రెండు పూతలు వేయించండి. వానలకు అది కరిగిపోతుంది కాబట్టి ఏటా శివరాత్రి వెళ్ళగానే మళ్ళీ పూయించుకోవాలి.